ఆకాశమున మాటలాడు భాష



పగటివేళ పొలములమీదుగా తెల్లని చారను విడుచుచు పోవు విమానమును, రాత్రివేళ నక్షత్రముల నడుమ మినుకుమనుచు సాగు దాని దీపమును చూడని గ్రామము నేడు లేదు. అది ఏ దేశపు విమానమో, ఎక్కడనుండి ఎక్కడికి పోవుచున్నదో క్రింద నిలిచి చూచువారికి తెలియదు. కాని దానిని నడుపు పైలటు నేలమీద ఎక్కడనో కూర్చున్న యొక అధికారితో రేడియోలో మాటలాడుచునే సాగిపోవును. ఆ పైలటు జపానువాడు కావచ్చును, అరబ్బు కావచ్చును, ఫ్రెంచివాడు కావచ్చును. అధికారి తమిళుడో, తెలుగువాడో కావచ్చును. వీరిరువురును ఏ భాషలో మాటలాడుకొందురు? ఒకరి మాట మరియొకరికి అర్థము కానిచో ఏమగును? ఈ ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము. వినుటకు ఇది వింత ముచ్చటవలె తోచును గాని, ఆకాశమున ప్రయాణము చేయువారి ప్రాణములు దీనిమీద ఆధారపడియున్నవి.

విమానములకు త్రోవ చూపు ఆ అధికారిని కంట్రోలరు అందురు. విమానాశ్రయమునందలి ఎత్తైన టవరులో నుండు కంట్రోలరు రన్‌వేమీదికి ఎవరు రావలెనో, ఎవరు ఎగురవలెనో, ఎవరు దిగవలెనో నిర్ణయించును. దూరముగా, ఎత్తుగా పోవు విమానములను వేఱొక కేంద్రమందలి కంట్రోలర్లు రాడారు తెరమీద చూచుచు నడిపింతురు. తెలుగు నేలమీదుగా మిక్కిలి ఎత్తున పోవు విమానములలో పెక్కింటికి చెన్నై కేంద్రమునుండి ఆదేశములు వెళ్లును.

ఒక కంట్రోలరు అధీనమందు ఒకేసారి అనేక విమానములుండును. వారందఱును ఒకే రేడియో తరంగముమీద మాటలాడవలెను. అది ఒకే గిలక గల బావి వంటిది. ఒకరు చేద వేసినప్పుడు తక్కినవారు ఆగవలసినదే. ఇద్దఱొక్కసారి మాటలాడినచో ఇద్దఱి మాటయు చెడి, కీచుమను ధ్వని మాత్రము మిగులును. అయితే ఈ పద్ధతిలో గొప్ప మేలొకటి కలదు. ఒకరితో చెప్పిన మాట అందఱికిని వినబడును. ప్రక్క విమానమునకు ఏ యాదేశము వచ్చెనో విని, తన చుట్టును ఎవరెక్కడ నున్నారో పైలటు మనసులో చిత్రించుకొనును. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఆకాశమందలి భాషావివాదమంతయు దీని చుట్టునే తిరుగుచున్నది.

రెండవ ప్రపంచయుద్ధము ముగియుటకు ముందే, 1944 డిసెంబరు 7వ తేదీన, అమెరికాలోని చికాగో నగరమున పెక్కు దేశములవారు సమావేశమై పౌర విమానయానమును గూర్చిన ఒడంబడికపై సంతకములు చేసిరి. దాని ననుసరించి 1947 ఏప్రిల్ 4వ తేదీన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పడెను. దాని కార్యాలయము కెనడా దేశపు మాంట్రియల్ నగరమున నున్నది. ఆకాశమున ఇంగ్లీషు తప్ప వేఱు భాష పలుకరాదని ఆ సంస్థ శాసించినట్లు చాలమంది తలంతురు. అది నిజము కాదు. భూమిమీది కేంద్రము మామూలుగా వాడు భాషలోగాని, ఇంగ్లీషులోగాని సంభాషణ జరుగవలెనని దాని నియమము. అంతర్జాతీయ మార్గములలోని కేంద్రములన్నింటను, ఏ పైలటైనను ఇంగ్లీషు కోరినచో ఆ భాష లభింపవలెనని మాత్రము కట్టడి చేసిరి. ఆనాడు విమానములను ఎక్కువగా నిర్మించినవారును, నడిపినవారును ఇంగ్లీషు మాటలాడు దేశములవారగుటచే ఆ భాషకు ఈ స్థానము లభించెను.

కావున రష్యాలో రష్యను పైలటు రష్యను భాషలోను, ఫ్రాన్సులో ఫ్రెంచి పైలటు ఫ్రెంచిలోను, స్పెయినులో స్పానిష్ పైలటు స్పానిష్‌లోను కంట్రోలరుతో మాటలాడుట నేటికిని కలదు. జర్మనీలో కంటిచూపుమీద ఆధారపడి చిన్న విమానములు నడుపువారు జర్మను భాషను వాడవచ్చును. యంత్రసాధనములమీద ఆధారపడి పోవు పెద్ద విమానములు ఇంగ్లీషునే వాడును. భారతదేశమున వాడుక ఇంగ్లీషే. శంషాబాదులోగాని, గన్నవరములోగాని, రేణిగుంటలోగాని టవరునందలి కంట్రోలరును, దిగుచున్న విమానపు పైలటును ఇద్దఱును తెలుగువారే యైనను రేడియోమీద తెలుగు పలుకరు. వెనుక వచ్చుచున్న విమానమున పంజాబీ పైలటో, మలయాళీ పైలటో యుండవచ్చును. వాడును వినవలెను గదా!

అయితే ఆకాశమున పలుకు ఇంగ్లీషు బడిలో నేర్చు ఇంగ్లీషు కాదు. దానిని కోసి, చెక్కి, చిన్నదిగా చేసిరి. అందులో ఒక్కొక్క మాటకు ఒక్కటే యర్థము. "రోజర్" అన్నచో "నీవు చెప్పినదంతయు వినబడినది" అని మాత్రమే యర్థము. "సరే" అని కాదు, "చేసెదను" అని కాదు. అవుననుటకు "అఫర్మ్" అనియు, కాదనుటకు "నెగెటివ్" అనియు, విని అట్లే చేసెదననుటకు "విల్కో" అనియు వేఱు మాటలున్నవి. అక్షరములు చెప్పునప్పుడు "బి", "డి", "పి" అనినచో రేడియో హోరులో ఒకటిగానే వినబడును. కావున "బ్రావో", "డెల్టా", "పాపా" అని ఒక్కొక్క అక్షరమునకు ఒక పేరు పెట్టిరి. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ భాషలవారు సులభముగా పలుకగలిగి, వినినంతనే గుర్తింపగల పేర్లకొఱకు భాషాశాస్త్రజ్ఞులు పరిశోధనలు జరుపగా, నేటి పట్టిక 1956 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అంకెలను సైతము విడువలేదు. "ఫైవ్", "నైన్" అను రెండును హోరులో ఒకటిగా వినబడునని ఒకదానిని "ఫైఫ్" అనియు, మరియొకదానిని "నైనర్" అనియు మార్చిరి. "త్రీ" పలుకలేనివారు పెక్కుమంది కలరు గనుక "ట్రీ" అని నిర్ణయించిరి.

ఇంగ్లీషు పుట్టుభాషగా గలవాడు తన భాష ఇట్లు వంకరవోయినదని నొచ్చుకొనరాదు. ఇక్కడ మాట యొక్క అందము వక్త నోటియందు కాదు, శ్రోత చెవియందున్నది. ఈ పదములన్నియు ఇంగ్లీషువికూడ కావు. ప్రాణాపాయము కలిగినప్పుడు పైలటు మూడుమారులు పలుకు "మేడే" అనునది "నాకు సాయపడుడు" అను అర్థము గల ఫ్రెంచి మాటనుండి పుట్టినది. అంతకు తక్కువ ఆపదలో పలుకు "పాన్ పాన్" అనునదియు ఫ్రెంచి మాటయే.

ఆదేశమును వినినంతనే పని ముగియదు. ముఖ్యమైన ఆదేశమును పైలటు తిరిగి చెప్పవలెను; అతడు సరిగా చెప్పెనా లేదా యని కంట్రోలరు చెవియొగ్గి వినవలెను. అప్పగించిన పాఠమును బాలునిచేత తిరిగి చెప్పించుకొను ఉపాధ్యాయుని పద్ధతి యిదియే. ఈ రెండింటిలో ఏది లోపించినను ఎట్టి అనర్థము జరుగునో కొన్ని ఉదాహరణములు చూపును.

1989 ఫిబ్రవరి 19వ తేదీన సింగపూరునుండి మలేషియా రాజధాని కౌలాలంపూరునకు పోవుచున్న సరకుల విమానమునకు 2400 అడుగులకు దిగుమని కంట్రోలరు చెప్పెను. "టూ ఫోర్ జీరో జీరో" అనునది అతడు పలికిన సంఖ్య. ఇంగ్లీషులో "రెండు" అను అంకెయు, "కు" అను అర్థమిచ్చు చిన్న మాటయు ఒక్క తీరుగనే పలుకబడును. విమానములోనివారు మొదటి "టూ"ను అంకెగా గాక "కు" అను మాటగా గ్రహించి, 400 అడుగులకు దిగుమనినట్లు భావించిరి. వారు తిరిగి చెప్పినప్పుడు "నాలుగు సున్న సున్న" అనియే చెప్పిరి. ఆ తప్పును ఎవరును పట్టుకొనలేదు. విమానము కొండను ఢీకొనెను. అందున్న నలుగురును మరణించిరి. ఇరుపక్షములవారును ఇంగ్లీషు నెఱిగినవారే. తెలియనిది భాష కాదు; తెలిసినదన్న ధీమాయే ముంచినది.

అంతకు 12 సంవత్సరములు ముందు, 1977 మార్చి 27వ తేదీన, స్పెయిను దేశమునకు చెందిన టెనెరిఫె ద్వీపమున జరిగిన ఘోరము విమానయాన చరిత్రలోని ప్రమాదములన్నింటికంటె పెద్దది. సమీప ద్వీపమందలి విమానాశ్రయములో బాంబు పేలుటచే అనేక విమానములను టెనెరిఫెకు మళ్లించిరి. పొగమంచు దట్టముగా క్రమ్మెను. రన్‌వే యొక కొనను డచ్చివారి పెద్ద విమానము ఎగురుటకు సిద్ధముగా నిలిచెను. అదే రన్‌వేమీద అమెరికనుల పెద్ద విమానము ఇంకను నడచుచుండెను. మంచులో ఒకరికొకరు కనబడరు. టవరునకు ఇద్దఱును కనబడరు. ఎగిరిన పిమ్మట పోవలసిన మార్గమును మాత్రము కంట్రోలరు డచ్చి విమానమునకు చెప్పెను. ఆ వాక్యములో "టేకాఫ్" అను మాట దొరలెను. డచ్చి పైలటు దానిని తిరిగి చెప్పుచు, "ఇప్పుడు టేకాఫ్ వద్ద నున్నాము" అను అర్థము వచ్చునట్లు పలికెను. ఎగురుటకు సిద్ధముగా నున్నారని కంట్రోలరు గ్రహించెను. నిజమునకు వారు అప్పటికే పరుగు మొదలిడిరి. కంట్రోలరు "ఓకే" అని, వెంటనే ఆగుమని చెప్పెను. అదే క్షణమున అమెరికను పైలటు తామింకను రన్‌వేమీదనే యున్నామని కేక వేసెను. రెండు మాటలును ఒకదానిమీద ఒకటి పడి, డచ్చివారికి కీచుధ్వనిలో కలసి వినబడెను. రెండు విమానములును ఢీకొని 583 మంది మరణించిరి. అమెరికను విమానమునందలి 61 మంది మాత్రము బ్రదికిరి.

డచ్చివాడు ఇంగ్లీషులో మాటలాడెను. స్పెయినువాడు ఇంగ్లీషులో వినెను. ఇద్దఱికిని అది పుట్టుభాష కాదు. ఆ దుర్ఘటన తరువాత "టేకాఫ్" అను మాటను ఎగురుటకు అనుమతి నిచ్చునప్పుడును, ఆ అనుమతిని రద్దుచేయునప్పుడును తప్ప పలుకరాదని కట్టడి చేసిరి. మిగిలిన సందర్భములలో "డిపార్చర్" అను వేఱు మాట వాడుదురు. నేటి నియమములలో పెక్కింటి వెనుక ఇట్టి మరణములు కలవు.

మొగమాటముకూడ ప్రాణము తీయగలదు. 1990 జనవరి 25వ తేదీన కొలంబియానుండి న్యూయార్కునకు వచ్చిన విమానమును రద్దీచేతను, వాతావరణముచేతను గంటకు పైగా ఆకాశముననే త్రిప్పిరి. ఇంధనము తఱిగిపోవుచున్నదనియు, ముందుగా అవకాశమీయవలెననియు పైలట్లు చెప్పిరి. కాని "మేడే" అనలేదు. "అత్యవసరము" అను మాట పలుకలేదు. తమ భాషలో ఆ మాటకున్న తీవ్రత ఇంగ్లీషులోను ఉన్నదని వారు తలచియుందురని భాషావేత్తలు ఊహించిరి. కంట్రోలర్లకు అది దినమును వినబడు మాటగా తోచెను. నాలుగు ఇంజనులును ఆగి విమానము కూలెను. 158 మందిలో 73 మంది మరణించిరి. ఒక్క నిర్ణీత పదము పలికియుండినచో త్రోవ యంతయు వారికై ఖాళీ చేసియుందురు.

ఇక ఒకే తరంగముమీద రెండు భాషలు నడచినప్పుడు కలుగు చిక్కును చూతము. 1976 సెప్టెంబరు 10వ తేదీన నాటి యుగోస్లావియాలోని జాగ్రెబ్ నగర సమీపమున, 33,000 అడుగుల ఎత్తున, లండనునుండి ఇస్తాంబులు పోవు బ్రిటిషు విమానమును, స్ప్లిట్ నగరమునుండి జర్మనీకి పోవు యుగోస్లావియా విమానమును ఢీకొని 176 మంది మరణించిరి. చివరి నిమిషమున అపాయమును గుర్తించిన కంట్రోలరు తొందరలో తన మాతృభాషయైన సెర్బో-క్రొయేషియనులోనికి జారి, స్వదేశపు విమానమును ఉన్నచోటనే ఎత్తు నిలుపుమనెను. దురదృష్టవశమున బ్రిటిషు విమానము పోవు ఎత్తును అదియే. ఆ మాటలు బ్రిటిషువారికి వినబడెను గాని అర్థము కాలేదు. ప్రమాదమునకు మూలము భాష కాదు. కంట్రోలర్లపై పడిన మితిమీరిన పనిభారము. కాని వినినవారికి మేలుకొనుటకు ఉండవలసిన చివరి యవకాశమును భాష మూసివేసెను. 2000 మే 25వ తేదీన పారిస్ విమానాశ్రయమున ఒక విమానమునకు ఫ్రెంచిలో ఎగురుటకు అనుమతి నిచ్చి, అదే రన్‌వేమీదికి రానున్న చిన్న బ్రిటిషు విమానముతో ఇంగ్లీషులో మాటలాడిరి. ఫ్రెంచి అనుమతి ఆ చిన్న విమానపువారికి బోధపడలేదు. రెండును తగిలి, చిన్న విమానపు రెండవ పైలటు మరణించెను.

ఇవి విని, మాతృభాషల నన్నింటిని ఆకాశమునుండి వెడలగొట్టవలెనని తీర్పు చెప్పుట సులభము. కాని కెనడా దేశపు అనుభవము ఆ తొందరను ఆపును. క్విబెక్ రాష్ట్రపు ప్రజలలో అధికసంఖ్యాకులు ఫ్రెంచివారు. తమ నేలమీద తమ భాషలో విమానము నడుపు హక్కు కావలెనని అచ్చటి పైలట్లును, కంట్రోలర్లును కోరిరి. రెండు భాషలు అపాయకరమని తక్కిన పైలట్లు 1976 జూనులో సమ్మె చేయగా, తొమ్మిది దినములు విమానములు స్తంభించెను. ప్రభుత్వము ముగ్గురు న్యాయమూర్తులతో విచారణ సంఘమును నియమించెను. కృత్రిమ పరీక్షలతోసహా విషయమును శోధించి, తగిన శిక్షణయు నియమములును ఉన్నచో రెండు భాషలలో నడుపుట భద్రతకు భంగకరము కాదని ఆ సంఘము 1979లో తేల్చెను. నేడు మాంట్రియల్ ఆకాశమున ఫ్రెంచియు, ఇంగ్లీషును రెండును వినబడును. ఇంగ్లీషు సరిగా రాని చిన్న విమానపు పైలటుచేత బలవంతముగా ఇంగ్లీషు పలికించుటయు అపాయమే గదా!

పరాయిభాష యొక్క భారము ఇంగ్లీషుకే పరిమితము కాదు. 2010 ఏప్రిల్ 10వ తేదీన పోలండు అధ్యక్షుని విమానము రష్యాలోని స్మోలెన్స్క్ వద్ద కూలి 96 మంది మరణించిరి. మంచులో దిగరానంత క్రిందికి దిగుట ప్రధాన కారణము. అయితే అది సైనిక విమానాశ్రయము. సంభాషణ రష్యను భాషలో జరుగవలసి వచ్చెను. రష్యను బాగుగా తెలిసినవాడు ప్రధాన పైలటొక్కడే. విమానమును నడుపుటయు, రేడియోలో మాటలాడుటయు అతని నెత్తినే పడెను.

భారతదేశముకూడ ఈ విషయమున తగిన మూల్యము చెల్లించినది. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైభాగమున ఢిల్లీనుండి వెడలిన సౌదీ విమానమును, ఢిల్లీకి వచ్చుచున్న కజకిస్థాను విమానమును ఢీకొనెను. 349 మంది మరణించిరి. ఆకాశమున రెండు విమానములు ఢీకొన్న ప్రమాదములలో అంతమంది మరణించినది వేఱొకటి లేదు. సౌదీ విమానమునకు 14,000 అడుగులు, కజకు విమానమునకు 15,000 అడుగులు నిర్ణయింపబడెను. ఎదురుగా విమానము వచ్చుచున్నదని కంట్రోలరు హెచ్చరించెను. అయినను కజకు విమానము నిర్ణీతమైన ఎత్తునకు క్రిందికి దిగెను. కజకు పైలట్లకు ఇంగ్లీషు చాలినంత రాకపోవుటయు, కంట్రోలరుతో మాటలాడుటకు వారు తమ రేడియో ఆపరేటరుమీదనే ఆధారపడుటయు న్యాయమూర్తి లహోటి విచారణలో బయటపడెను. తరువాత ఢిల్లీలో వచ్చు విమానములకును, పోవు విమానములకును వేఱువేఱు మార్గము లేర్పడెను.

ఈ అనుభవముల ఫలితముగా అంతర్జాతీయ సంస్థ 2003లో పైలట్లకును, కంట్రోలర్లకును భాషాపరీక్ష యొకటి నిర్ణయించెను. అది 2008 మార్చినుండి అమలు కావలసియుండగా, సిద్ధముకాని దేశములకు 2011 మార్చివరకు గడువొసగిరి. ఉచ్చారణ, వాక్యనిర్మాణము, పదసంపద, ధారాళత, గ్రహణశక్తి, సంభాషణ నేర్పు అను ఆరు విషయములలో పరీక్షించి ఆరు మెట్లుగా విభజింతురు. అంతర్జాతీయ ప్రయాణములకు నాలుగవ మెట్టు తప్పనిసరి. ఆరింటిలో ఏది తక్కువయో అదియే అభ్యర్థి మెట్టు. ఇంగ్లీషు పుట్టుభాషయైనవారికిని ఈ నియమములే వర్తించును. వేగముగా, యాసతో, నుడికారములతో మాటలాడు ఇంగ్లీషువాడును, పదములు దొరకక తడుముకొను పరదేశియు ఆకాశమున సమానముగా అపాయకరులే.

సముద్రములమీదను, రేడియో మాట సరిగా అందని తావులలోను నేడు ముందుగా కూర్చిన వాక్యములను అక్షరరూపమున తెరమీదికి పంపు పద్ధతి వచ్చినది. చెన్నై, ముంబయి కేంద్రములును దీనిని వాడుచున్నవి. హోరు లేదు, యాస లేదు, "టూ"కును "కు"కును పొరపాటు లేదు. కాని వ్రాతకు ఆలస్యమున్నది. రన్‌వే దగ్గరకు వచ్చిన విమానమునకు క్షణములో చెప్పవలసిన మాట నోటితోనే చెప్పవలెను. అదియునుగాక, వ్రాత ఒకరికే అందును, ప్రక్కవాడు వినడు. కావున మానవకంఠము నేటికిని పనిలోనే యున్నది.

ఈ గ్రామపు బాలబాలికలలో ఎవరైనను రేపు కంట్రోలరు కాదలచినచో, తెలుగు బడిలో చదివితిమని వెనుకాడ నక్కరలేదు. ఇంజనీరింగు పట్టముగాని, భౌతికశాస్త్రమును, గణితమును చదివిన సైన్సు పట్టముగాని ఆ ఉద్యోగమునకు అర్హత. అక్కడ కోరునది అలంకారముల ఇంగ్లీషు కాదు. తొట్రుపడని స్పష్టతయు, వినునప్పుడు చెదరని మనస్సును. తెలియనిచో తెలియలేదని, వినబడనిచో "సే అగెయిన్", అనగా మరల చెప్పుడని, అడుగుటకు అక్కడ ఎవరును సిగ్గుపడరు. అట్లు అడుగుట ప్రతి పైలటునకును, ప్రతి కంట్రోలరునకును విధి.